పొట్ట మీద అరకిలో రాయి

నా చిన్నప్పుడు తెనాలి బజారులో నా అంతటి బేరగాడు లేడని నా నమ్మకం. ఆ తెలివితోనే, రెండు చరణాలు పాడితే ఆయాసపడే నేను, పద్యం చివర రాగం ఎవరు ఎక్కువసేపు తీస్తారన్న పందెంలో కొత్త సైకిలు ఒడ్డాను. అవతలివాడు రేపల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మా క్లాసు కుర్రాడు. వాడు ఒడ్డింది మెరిసే చేతిగడియారం.

"సైకిలుకి గాలి కొట్టించి ఉంచరా, స్కూలు వార్షికోత్సవంలో పాడటం అయ్యాక తొక్కుకెళ్ళేది నేనే" అన్నాడు.

మా ఊళ్ళో పద్యం నచ్చితే జనం "ఒన్స్ మోర్" అంటారు. నచ్చకపోయినా అదే అంటారు, కాకపోతే ఇంకా గట్టిగా, నవ్వుతూ. నాకు రెండోదే రాసిపెట్టి ఉందని మా కిరాణా కొట్టులో అందరికీ తెలుసు. అక్కడే సాధన చేస్తూ భుజాలు చెవుల దాకా ఎత్తి, పొట్ట లోపలికి లాక్కుని గాలి పీల్చేవాణ్ణి. సగం రాగానికే ఊపిరి అయిపోయేది.

పక్కింటి అక్క చర్చిలో పాడేది. బాపట్లలో నర్సు చదువు చదువుతూ సెలవులకు వచ్చింది.

"ఏంట్రా తమ్ముడూ ఆ అరుపు, కాలు ఎవరైనా తొక్కారా?" అంటూ కొట్టులోకి వచ్చి, నన్ను బియ్యం బస్తాల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. త్రాసులోంచి అరకిలో రాయి తీసి నా పొట్ట మీద పెట్టింది. "ఇది లేవాలి. భుజం కదిలితే మొట్టికాయే."

ఊపిరితిత్తులు తమంతట తాము గాలిని లాక్కోలేవట. వాటి కింద గొడుగులాంటి కండరం ఒకటి ఉంది. అది కిందికి దిగి, పక్కటెముకల మధ్య కండరాలు ఆ ఎముకల్ని పైకీ పక్కలకీ జరిపితే ఛాతీలో చోటు పెరుగుతుంది. చోటు దొరకగానే గాలి వచ్చేస్తుంది. "మీ కొట్టు తలుపు బార్లా తీస్తే చాలు కదరా, వచ్చేవాళ్ళని చొక్కా పట్టుకుని లాగుతారా?" అంది. మరి వదలడం? "మీ నాన్న చిల్లర వదిలినట్టు వదులు."

అంతకంటే నెమ్మదైనది లోకంలో లేదు. వెంటనే అర్థమైంది.

వార్షికోత్సవంనాడు రేపల్లె కుర్రాడు ముందు పాడాడు. భుజాలు లేచాయి, మెడ నరాలు ఉబ్బాయి, రాగం పుటుక్కున తెగింది. నా వంతు వచ్చింది. లేని రాయిని పొట్టతో ఎత్తాను. రాగం సాగింది, వాడు ఆగిన చోటు దాటింది, ఇంకా సాగింది. "ఒన్స్ మోర్!" అని కేక. ఇది ఏ రకం కేకోనని తల తిప్పాను. చూస్తే, బల్ల ఎక్కి అరుస్తున్నది మా నాన్నే. రెండోసారి ఇంకా పొడుగ్గా తీశాను.

ఇప్పటికీ తెనాలి స్టేషన్లో వంతెన మెట్లెక్కేటప్పుడు భుజాలు దించుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుంటాను. కుర్రాళ్ళు సగంలో నిలబడి రొప్పుతుంటే పక్కనుంచి దాటిపోతాను, కాస్త గర్వంగానే.

నిజాయితీగా లెక్క తేలిస్తే ఇంతే. సైకిలు నాకే మిగిలింది. గెలిచిన గడియారం ముందే ఆగిపోయిన సరుకు, చెవి దగ్గర పెట్టుకుని వినకుండా బేరం కుదుర్చుకున్నాను. అక్క ఇచ్చినదానికి మాత్రం బేరమే ఆడలేదు. అదే ఇంకా నడుస్తోంది.