నేర్పేవాళ్ళ జీతం

అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఊర్నుంచి పలాస తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. అదే జబ్బుతో నాన్న అంతకుముందే పోయాడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. టెక్కలిలో ఇంజనీరింగ్ పూర్తయింది కానీ, ఉద్యోగమంటూ చేస్తే పలాసలోనే చెయ్యాలి నేను.

నాకు తెలిసి అక్కడున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఒక్కటే. ఎరువుల కొట్టు పైన మేడ మీద, జీడిపప్పు ఫ్యాక్టరీలకి స్టాకు, బిల్లుల ప్రోగ్రాములు రాసేవారు. వెళ్ళి ఓనర్ని కలిశాను.

"ఎక్స్‌పీరియన్స్ ఉందామ్మా?"

"లేదు సార్. నేర్చుకుంటాను."

"నేర్చుకుంటావు. నేర్పేదెవరు?" కిటికీ దగ్గర పనిచేసుకుంటున్న ఒకావిడని చూపించారు. "ఆవిడ నీ పక్కన కూకుంటే ఆ పూట నా పని ఆగిపోద్ది. బెంగుళూరోళ్ళు ఇంటికాడ కూకోబెట్టి జీతాలిస్తన్నారు. ఆవిడ ఎలిపోకుండా నానూ అంత ఇవ్వాల. ఇంక కొత్తోళ్ళకేటి మిగుల్తాది?"

"జీతం వద్దు సార్."

"జీతం లేకపోయినా ఖర్చేనమ్మా."

నన్ను పంపించెయ్యడానికి అన్న మాట అనుకున్నాను. మెట్లు దిగుతుంటే ఆవిడే వెనకాల వచ్చింది. "బోజనాల టైముకి రా. అది నా టైమే కదా, సారేటంటారు?"

అప్పట్నుంచి అమ్మని మిషన్‌కి పెట్టగానే ఆ మేడకి పరిగెత్తేదాన్ని. ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. అక్క ఒక చేత్తో అన్నం తింటూ, రెండో చేత్తో మౌసు పట్టుకుని చూపించేది. తప్పు చేస్తే "మళ్ళీ సూడు" అనేది తప్ప, విసుక్కోలేదు. కొన్నాళ్ళకి ఓనరే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆవిడ పక్కన వేశారు. జీడిపప్పు సీజన్ అయ్యాక ఉద్యోగం సంగతి చూద్దామన్నారు. ఆ రోజు అమ్మకి కొబ్బరినీళ్ళు తప్ప ఏదైనా కొనిపెట్టాలనిపించింది. ఆ జబ్బుకి కొబ్బరినీళ్ళు వద్దన్నారు మరి డాక్టర్లు, కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషికి.

ఒక మధ్యాహ్నం అక్క క్యారేజీ విప్పలేదు.

"బెంగుళూరు కంపెనీలో ఉద్దోగం వచ్చిందే. ఇంటికాడ్నుంచే పని. ఎలిపోతన్నాను. నన్ను తిట్టుకోకు."

ఎలా తిట్టుకోను? నాకొస్తే నేను ఆగుతానా?

ఆవిడ వెళ్ళిపోయాక ఒక ఫ్యాక్టరీలో ప్రోగ్రాము స్టాకు తప్పు చూపిస్తోందని ఫోనొచ్చింది. ఓనరు నన్ను చూసి, "సెయ్యగలవా?" అన్నారు. చేస్తానన్నాను. స్టాకు సరిచేశాను, బిల్లులు ఆగిపోయాయి. పప్పు డబ్బాలు ఎక్కించిన లారీ బిల్లు లేక గేటు దగ్గరే నిలబడిపోయింది. ఫ్యాక్టరీ ఆయన ఫోన్లో అరుస్తుంటే మార్చినవాటినే మళ్ళీ మళ్ళీ మార్చి చూశాను, బిల్లు రాలేదు. ఆఖరికి ఓనరు అక్కకి ఫోన్ చేసి బతిమాలితే, ఆవిడ ఇంట్లోంచే సరిచేసింది.

ఓనరు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

"పని తెలిసినోళ్ళనే తెచ్చుకోవాలమ్మా. ఆళ్ళు అడిగింది ఇచ్చీసరికి నీకేటి మిగుల్తాది? నువ్వింక రావొద్దు" అన్నారు.

"సార్, ఇంకొక్క నెల. మీ కాళ్ళు పట్టుకుంటాను. మా అమ్మ ఇక్కడే..."

"ఆపీసు మూసీసి నన్నూ ఈ మేడ దిగిపొమ్మంటావేటి?" అన్నారు. కోపంగా కాదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. మెట్లు దిగి వచ్చేశాను.

డయాలసిస్ దగ్గరికి వెళ్ళేసరికి అమ్మ అడిగింది, "మొకం అలాగుందేటే?"

"ఎండమ్మా."

బస్సులో నా చెయ్యి పట్టుకుంది. "నా కోసం ఉండిపోకు. ఎలిపో. నానెలాగోలాగ వత్తాను, పోతాను."

రెండు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి ఎలా వస్తుంది, ఎలా పోతుంది?

ఇప్పుడు పలాస పక్కనే కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కొట్లో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. ఖాళీ దొరికితే ఫోన్లో అప్లికేషన్లు పెడతాను. ఎంత చిన్న కంపెనీ అయినా రెండేళ్ళ అనుభవం అడుగుతోంది. ఆ రెండేళ్ళు ఎక్కడ చెయ్యాలో ఎవరూ చెప్పరు. మొన్న విశాఖపట్నం నుంచి ఒక కంపెనీవాళ్ళు, రోజూ ఆఫీసుకి రాగలరా అని అడిగారు. డయాలసిస్ గది బయట నిలబడే రాగలనని చెప్పేశాను. లోపల అమ్మ చేతికి సూది తీసిన చోట దూది నొక్కి పెట్టుకుని నా కోసం చూస్తోంది.

మర్నాడు మెసేజ్ వచ్చింది: అనుభవం ఉన్న వారిని తీసుకున్నాం. ఎవరికో గుండు జీడిపప్పు తూస్తూ చదివాను. తూకం మళ్ళీ వెయ్యాల్సొచ్చింది.