మొగుడి వేలితో పంపిన అంకె

బురుల్కాన్ అక్క అట్‌బాషి ఊరి బడిలో ఇరవై ఆరేళ్లు బాయిలర్‌కు బొగ్గు వేసింది. పిల్లలు వెచ్చగా చదువుకున్నారు. ఆమె ఊపిరితిత్తులు పాడైపోయాయి. అరవై నిండకముందే పెరట్లోంచి బొగ్గు బకెట్ తేవాలంటే మధ్యలో ఆగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి కూడదీసుకునేది. పక్కింటివాణ్ణి, అప్పుడప్పుడు నేనే తెచ్చి పడేసేవాణ్ణి.

ఒక ఏడు ఆసుపత్రివాళ్లు ఆమెకు వేలికి తగిలించే చిన్న క్లిప్పు ఇచ్చి, ఫోన్‌లో ఒక యాప్ పెట్టి వెళ్లారు. పొద్దున్నే క్లిప్పు తగిలించి మీట నొక్కితే, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో, గుండె ఎలా కొట్టుకుంటోందో రాజధాని బిష్కెక్‌లో ఉన్న డాక్టర్ ఐజార్కిన్‌కు తెలిసిపోతుంది. నవంబరులో దగ్గు ముదిరినప్పుడు డాక్టరమ్మ అంకె చూసి ముందే మందు మార్చింది. అక్క ఇంట్లోనే ఉండి గట్టెక్కింది.

జనవరిలో ఊరంతా బొగ్గు పొగ కమ్ముకుంది. ఒకరోజు అంకె ఎనభై నాలుగుకు పడింది. ఎనభై ఎనిమిది కన్నా తగ్గితే ఆసుపత్రిలో చేరాల్సిందేనని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. కానీ భర్త షంషీ పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. కుడి చెయ్యి ఆడుతుంది, మాట సగం సగమే వస్తుంది. అతన్ని పక్కకు తిప్పాలన్నా, పొయ్యి రాజేయాలన్నా ఆమె ఒక్కతే. అక్క మీట నొక్కలేదు. క్లిప్పు తీసి షంషీ వేలికి పెట్టింది. తొంభై అయిదు వచ్చింది. అదే పంపింది.

ఆడబిడ్డ జనిల్ రొట్టెలు ఇవ్వడానికి వచ్చి చూసింది.

"ఇదేం పని వదినా? జబ్బు నీకా, మా అన్నకా?"

"మీ అన్న వేలు ఊరికే పడుంది కదా. ఇన్నాళ్లకు దానికో ఉద్యోగం దొరికింది."

షంషీ మూతి ఒక పక్కకు వంచి నవ్వాడు.

"నవ్వకన్నయ్యా! నీ పెళ్లానికి ఇక్కడ ఊపిరాడట్లేదు. ఫోన్‌లోనేమో గుర్రంలా ఉంది!"

"నేను ఆసుపత్రిలో పడుకుంటే మీ అన్నని నువ్వు చూస్తావా? మరి రొట్టెల బట్టీ ఎవరు చూస్తారు?"

జనిల్ రొట్టెలు అక్కడ పెట్టి బట్టీకి వెళ్లిపోయింది. ఆమె పిల్లల కడుపు నింపేది ఆ బట్టీయే.

ఇక రోజూ అదే తంతు. "మందు బాగా పట్టిందక్కా" అని డాక్టరమ్మ మురిసిపోయింది. ఇక్కడ అక్క పెదవులు నీలంగా మారాయి. పడుకుంటే ఊపిరందక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, ఆక్సిజన్ బాగానే ఉంది గానీ నిన్నటి నుంచి మీ గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. ఇలాగే వదిలేస్తే రక్తం గడ్డకట్టి మెదడుకు పోతుంది. పక్షవాతం వస్తుంది."

అక్క మంచం వైపు చూసింది. షంషీ టీలో ముంచిన రొట్టె నములుతున్నాడు.

"మళ్లీ వస్తుందా?" అంది.

"మళ్లీ ఏంటి? మీకు ఇంతకుముందు రాలేదుగా?"

"ఆ గుండె నాది కాదమ్మా. మా ఆయనది. ముందు ఆయన్ని తీసుకుపోండి."

"క్లిప్పు మీ వేలికి పెట్టుకోండి" అంది డాక్టరమ్మ.

డెబ్బై ఆరు.

"ఎంత పని చేశావక్కా!"

ఒకే అంబులెన్సులో ఇద్దర్నీ నరీన్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. జనిల్ బట్టీకి తాళం వేసి వెంట వెళ్లింది. మాత్రలతో షంషీ గుండె కుదుటపడింది. అక్కకు ముక్కుకు గొట్టం పెట్టారు, తర్వాత గొంతులోకి దించారు. వారం తిరగకుండానే పోయింది. జనవరిలోనే వచ్చి ఉంటే ఈ చలికాలం దాటేదేమో అని అక్కడి డాక్టరు జనిల్‌తో అన్నాడు.

షంషీకి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. ఊరి పెద్దలు కూర్చోబెట్టి చెప్పడం మా ఆచారం. కానీ వాళ్లు రాకముందే జనిల్ అతన్ని తీసుకొస్తున్న కారు వాకిట్లోకి వచ్చేసింది. మేం అక్కడ చావింట శవాన్ని ఉంచే ఉన్ని గుడారం నిలబెడుతున్నాం. అతను అద్దంలోంచి గుడారాన్ని చూశాడు, తర్వాత మా ముఖాలు చూశాడు.

మా దగ్గర మగవాళ్లు గుడారం బయట నిలబడి ఏడవాలి. అతను నిలబడలేడు. నేనూ ఇంకొకరూ ఎత్తుకొచ్చి గుడారానికి ఆనించి కూర్చోబెట్టాం. లోపల జనిల్ గొంతెత్తి వదినను పిలుస్తోంది. షంషీకి పెళ్లాం పేరు కూడా సగమే పలికింది. ఏడుపు మాత్రం నిండుగా వచ్చింది.