ట్రంకాలక్క విన్న నాలుగు గురువారాలు

ఆమె అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె ట్రంకాలక్కే. టెలిఫోన్ ఎక్స్ఛేంజి మేడ మీద, ఎత్తు స్టూలు ఎక్కి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, పొరుగూళ్ళకు వెళ్ళే ట్రంకు కాల్సన్నీ ఇరవై రెండేళ్ళపాటు ఆమే కలిపింది. ఎదురుగా బోర్డు నిండా బెజ్జాలు, ఒక్కో బెజ్జానికి ఒక నంబరు. ఇటొక తీగ, అటొక తీగ గుచ్చి "లైను కలిసింది, మాట్లాడండి" అనడం, మీట నొక్కి తాను తప్పుకోవడం. అంతే ఉద్యోగం.

అంతే అని ఆమె అనుకునేది గాని ఊరు నమ్మేది కాదు. ఆమె ఏ కొట్టు మెట్లెక్కినా అక్కడి కబుర్లు ఠక్కున ఆగిపోయేవి. కలప డిపో ఆయనైతే ఫోనెత్తగానే, "అక్కా, ఉన్నావా? ఇక దిగిపోమ్మా, మావి ఇంటి మాటలు" అని ఆమెను లైన్లోంచి సాగనంపాకే అసలు సంగతి మొదలుపెట్టేవాడు. అప్పటికి ఆమె వేరే తీగ గుచ్చుతూ ఉండేది. ఆ "దిగిపోమ్మా" ఆమెకు వినబడేదే కాదు. ఇదంతా ఫోనులో అవతలుండే ఆయన బంధువే తరవాత బజారులో చెప్పి నవ్వించాడు.

ఉద్యోగంలో చేరిన రోజునే సూపర్‌వైజరమ్మ చెప్పింది: "లైను కలిసిందో లేదో విను. ఏం మాట్లాడుతున్నారో వినకు. రెండింటికీ మధ్య ఒక్క క్షణమే తేడా. ఆ క్షణం దాటావో, ఇక నీకు మనుషులు కనబడరు, మాటల ముక్కలే కనబడతాయి." ట్రంకాలక్క తొమ్మిదేళ్ళు ఆ మాట దాటలేదు. ఒక్క మొగుడి విషయంలో తప్ప. ఆయన బస్సు కండక్టరు. బస్సు డిపో నుంచి ఎక్స్ఛేంజికి ఫోను చేసి "బండి పాడైంది, ఆలస్యమవుతుంది" అంటే, వెనక పేక ముక్కలు కలుపుతున్న చప్పుడు ఈమెకు వినబడేది. "మెకానిక్కు పేక బాగా కలుపుతున్నాడే" అనేది. ఆ తరవాత ఆయన ఫోను చేయడమే మానుకున్నాడు.

వాళ్ళుండే మేడలోనే కింది వాటాలో దర్జీ పిల్ల ఒకతె, తల్లితో ఉండేది. ఒక్కటే మిషను, ఒక్కటే కత్తెర, ఊరి సగం బట్టలు ఆమె చేతి మీదే. ట్రంకాలక్కను సొంత అక్కలా చూసుకునేది. వీధి చివర డాక్టరు గారి దగ్గర పనిచేసే కాంపౌండరుతో ఆమెకు పెళ్ళి కుదిరింది. అతనిది ఈ ఊరు కాదు. తక్కువగా మాట్లాడేవాడు. సూది నొప్పి లేకుండా వేస్తాడని పేరు.

ప్రతి గురువారం నాలుగింటికి, డాక్టరు గారు నిద్రపోయే వేళ, ఆ దవాఖానా నుంచి పొరుగూరి నలభై ఒకటో నంబరుకు మూడు నిమిషాల కాలు ఉండేది. ఏడాదిగా కలుపుతున్నా ట్రంకాలక్క ఎన్నడూ పట్టించుకోలేదు. ఒక గురువారం పెద్ద వాన. లైను గరగరలాడుతోంది. అలాంటప్పుడు ఆపరేటరు మీట తెరిచే ఉంచి, అటు మాట ఇటు అందకపోతే తానే పలికి చెప్పాలి. అది నిబంధనే.

"ఎప్పుడొస్తావని ఒకటే ఏడుపు. నిన్నంతా తిండి ముట్టలేదు" అంది అవతలి ఆడగొంతు.

"గౌను పంపించాను, అందిందా? పెళ్ళయ్యేదాకా రాలేను. ఇక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు. కుదురుకున్నాక నేనే చెప్పుకుంటాను."

ట్రంకాలక్క తీగ పీకేసింది. అయినా ఆ మాటలు చెవిలోంచి దిగలేదు. గౌను అంటే పాప. తిండి ముట్టనిది ఎవరు, తల్లా, బిడ్డా?

మరుసటి గురువారం ఎండ కాసింది. లైను అద్దంలా ఉంది. ఆమె మీట మూయలేదు. ఈసారి ఇంకో ఆడగొంతు, మందంగా, వెక్కుతూ: "రాజా, నన్నొదిలేసి పెళ్ళి చేసుకుంటావా?" అతను, ఎన్నడూ ఎవరితోనూ మాట్లాడనంత మెత్తగా: "నిన్నెలా వదిలేస్తానే, పిచ్చిదానా?" మూడో గురువారం ఏడుపులూ ఊరడింపులూ తప్ప ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే ఇంకా అనుమానంగా తోచింది. నాలుగో గురువారం అతనన్నాడు: "పెళ్ళయ్యాక నిన్నూ ఇక్కడికే తెచ్చేసుకుంటాను. ఆమె మంచిది, ఏమీ అనదు."

ఇంకేం కావాలి? ఆ సాయంత్రం ట్రంకాలక్క దర్జీ పిల్ల ముందు కూర్చుంది. ఎక్కడ విన్నదీ చెప్పలేదు, ఏం విన్నదో మాత్రం పూసగుచ్చినట్టు చెప్పింది. దర్జీ పిల్ల మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది.

"నిజంగానా అక్కా?"

"నా రెండు చెవులతో విన్నానే."

పెద్దలు వెళ్ళి కాంపౌండరును నిలదీశారు. "ఆ ఊళ్ళో నీకెవరున్నారు?" అతను, "ఎవరు చెప్పారు?" అన్నాడు. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాడంటే తప్పు ఉన్నట్టే కదా అనుకున్నారంతా. పెళ్ళి చెడింది. నెల తిరక్కుండా అతను ఊరు వదిలాడు. వెళ్ళేముందు ఎక్స్ఛేంజి ఎదురు అరుగు మీద కాసేపు నిలబడి మేడ కిటికీ వైపు చూశాడు. ఫిర్యాదు రాసిస్తాడేమోనని ట్రంకాలక్క వారం రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపింది. అతను రాయలేదు. రాయలేదంటే తన అనుమానమే నిజమని ఆమె మనసు కుదుటపడింది.

దర్జీ పిల్ల మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఒక మిషను మూడయ్యాయి. మేడ కింద గది కొట్టుగా మారింది. "నన్ను గోతిలో పడకుండా కాపాడావు" అని ట్రంకాలక్క బట్టలు అందరికన్నా ముందు కుట్టిచ్చేది.

పన్నెండేళ్ళ తరవాత ఊరికి కొత్త ఎక్స్ఛేంజి వచ్చింది. ఇక తీగలు గుచ్చే పని లేదు, ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ళ ఆపరేటర్లందరినీ వేరే పనులు నేర్పడానికి ఒకచోట చేర్చారు. అక్కడ ఒక లావుపాటి ఆవిడ వెనకనుంచి "వదినా!" అంది. ట్రంకాలక్క తిరక్కుండానే గుర్తుపట్టింది. పొరుగూరి ఆపరేటరు. ఇరవై ఏళ్ళుగా రోజూ లైన్లో పలకరించుకున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి తోడికోడళ్ళ పోరు దాకా చెప్పుకున్నవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడడం అదే మొదలు.

భోజనాల వేళ పాత నంబర్లు తలుచుకుంటూ నవ్వుకున్నారు. మాటల్లో ఆవిడే అంది: "మీ కాంపౌండరు ఉండేవాడు చూడు, గురువారం గురువారం నలభై ఒకటికి చేసేవాడు. అంతటి అన్నను నేనెక్కడా చూళ్ళేదు."

"అన్నేమిటి?"

"నలభై ఒకటంటే మతి ఎదగని ఆడపిల్లల ఆశ్రమం కదా వదినా. అతని చెల్లెలు అక్కడే ఉండేది. పాతికేళ్ళు దాటినా చంటిపిల్లే. గౌనే కావాలని మారాం చేసేది. ఆ పిల్ల సంగతి బయటపడితే సంబంధం తప్పుతుందని అతను ఎవరికీ చెప్పుకునేవాడు కాదట. తల్లి వాణ్ణి రాజా అని పిలిచేదట, ఈ పిల్లకీ అదే అలవాటు. పాపం, అది పోయి చాన్నాళ్ళయింది." ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, "నీకు తెలీదూ?" అంది.

తెలీదు. ఇరవై ఏళ్ళలో ఆ వదినను ఆమె అడగనిది లేదు. నలభై ఒకటి ఎవరిదని మాత్రం అడగలేదు. ఒక్క మాట, తీగ గుచ్చుతూ గుచ్చుతూ అడిగేయగల మాట. అడిగితే తాను వింటున్నానని బయటపడుతుందని భయపడి ఊరుకుంది.

ఊరికి తిరిగొచ్చాక మూడు రోజులు దర్జీ కొట్టు ముందునుంచి తల దించుకుని నడిచింది. నాలుగో రోజు లోపలికి వెళ్ళి, మిషన్ల మీది కుర్రాళ్ళను బయటికి పంపమని చెప్పి, ఎక్కడ విన్నదీ, ఎలా విన్నదీ, ఏం తప్పుగా విన్నదీ అంతా కక్కేసింది. దర్జీ ఇస్త్రీ చేస్తూనే ఉంది. కాలరు తిప్పింది, చేతులు తిప్పింది, మడత పెట్టింది.

"ఎన్ని గురువారాలు విన్నావు?"

"నాలుగు."

"నాలుగు గురువారాలు! పెళ్ళాడబోయేదాన్ని, నేనతనితో నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడలేదక్కా." ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "ఫోనులో అతని గొంతు ఎలా ఉండేది?"

ట్రంకాలక్కకు, అతను ఏం మాట్లాడాడో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గొంతు గుర్తులేదు.

మర్నాడు దర్జీ కొట్టు మూసి పొరుగూరి బస్సెక్కింది. మూడో రోజు తిరిగొచ్చింది. ట్రంకాలక్క మెట్ల దగ్గరే కాపు కాసింది.

"అతని ఆచూకీ దొరికిందా? కనబడ్డాడా? ఏమన్నాడే?"

దర్జీ తాళం తీస్తూ, "అది నేను నీకు చెప్పను" అంది. కోపంగా అనలేదు. నీకీ రంగు నప్పదు అన్నంత మామూలుగా అంది.

నిజంగానే చెప్పలేదు. ఆ తరవాతా కొలతలు తీసేది, బట్టలు కుట్టిచ్చేది, వానొస్తుంటే గొడుగు పట్టుకెళ్ళమనేది. ఆ సంగతి ఒక్కటి మాత్రం పెదవి దాటలేదు. కాంపౌండరు బతికున్నాడో లేదో, పెళ్ళాడాడో లేదో, వీళ్ళు మళ్ళీ కలిశారో లేదో ట్రంకాలక్కకు ఈనాటికీ తెలియదు. ఊరి గుట్టంతా ఆమె చెవిలో ఉందని జనం అనుకుంటుంటే, తాను తప్పకుండా వినాలనుకున్న సంగతి ఆమెకు దక్కలేదు.

ఇప్పుడామె కొడుకు దగ్గర, అయిదంతస్తుల మేడలో ఉంటోంది. కండక్టరు మొగుడు పోయి ఆరేళ్ళయింది. మేడలోని వాళ్ళందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. మొన్న ఒక ఉదయం కోడలు ఫోను పట్టుకొచ్చింది.

"అత్తయ్యా, మీరైతే గొంతులు గుర్తుపడతారు. ఇది మూడో అంతస్తు టీచరమ్మేనా?"

పదిహేను సెకన్ల ఆడియో ముక్క. "రెండ్రోజులు బడికి పంపొద్దు. దెబ్బలు ఎవరికీ కనబడకూడదు." గొంతు టీచరమ్మదే. కింద జనం చీవాట్లు బారెడు.

"దీనికి ముందేమంది?" అంది ట్రంకాలక్క.

"అంతే వచ్చింది."

"ఎవరు పంపారు?"

"అందరూ పంపుతున్నారు."

"ఆవిణ్ణి అడిగారా?"

కోడలు ఇబ్బందిగా నవ్వింది. "ఎలా అడుగుతామత్తయ్యా? ఎదురుపడి అడిగితే ఏం బావుంటుంది?"

ట్రంకాలక్క తన ఫోను బల్ల మీదే పెట్టి కిందికి దిగింది. మూడుసార్లు తట్టాక తలుపు గొలుసంత మేరకే తెరుచుకుంది. టీచరమ్మ ముందు ఆమె చేతులకేసి చూసింది.

"ఫోనేదీ? మీరూ రికార్డు చేసుకోవడానికే వచ్చారా?"

"ఇంట్లో పెట్టొచ్చానమ్మా. అడుగుదామని వచ్చాను."

నమ్మకం కుదరక టీచరమ్మ ఆమెను ఇంకాసేపు నిలబెట్టింది. తరవాత గొలుసు తీసింది. అది తన మాట కాదంది. తన తరగతి పిల్లవాణ్ణి తండ్రి కొట్టి, భార్యతో అన్న మాట. ఆ తల్లి ఏడుస్తూ చెప్పింది. దాన్నే తాను హెడ్‌మాస్టరుకు ఫోనులో అప్పజెప్పింది. "వాళ్ళ నాన్న ఏమన్నాడో వినండి సార్" అన్న ముందు ముక్కను, ఆ ఫోను మాటలు రికార్డు చేసిన వాళ్ళెవరో కోసేశారు. పిల్లవాడి పరువు పోతుందని గ్రూపులో తాను నోరు విప్పలేదు. ట్రంకాలక్క ఆమె కళ్ళలోకి చూస్తూ అంతా విన్నది. ఇది నిజమేనా, లేక నన్ను చూసి అల్లిన కథా అన్న పురుగు లోపల తొలుస్తూనే ఉంది. ఆ పురుగు ఇక చావదని ఆమెకు తెలుసు. అయినా పూర్తిగా విన్నది, ఆగిన చోటల్లా మళ్ళీ అడిగింది.

పైకి వచ్చేసరికి మెట్ల మీద కోడలు, మరో ఇద్దరు ఇరుగమ్మలు. "ఏమందట?"

"ఇంట్లోనే ఉంది. వెళ్ళి అడగండి."

మధ్యాహ్నానికల్లా గ్రూపులో ఎవరో రాశారు: "ఆ ముసలావిడ పాత ఎక్స్ఛేంజి మనిషి. ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు." కొడుకు నొచ్చుకుంటూ చూపించాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "దాస్తున్న మాట నిజమేరా" అని ఫోను తిరిగిచ్చేసింది.

ఆ వారం టీచరమ్మ తలుపు ఇంకో ఇద్దరు తట్టారట. మిగతావాళ్ళు ఇంకా ఆ పదిహేను సెకన్లే వింటున్నారు.