నీమా కొలువు కోసం భూపాలపల్లి దాకా

నీమాది టాంజానియా. వ్యవసాయంలో ఎమ్మెస్సీ చేస్తూ, పత్తి చేల మీద పరిశోధనకని జనగామ వచ్చి మా మేడమీద గదిలో అద్దెకుంది. చేలల్లో తిరుగుతూ మా యాస కూడా నేర్చుకుంది. చదువు అయిపోయింది. విద్యార్థి వీసా నెలాఖరుతో ముగుస్తుంది. ఇక్కడే పని చేయాలంటే ఉద్యోగ వీసా కావాలి. దానికి ప్రభుత్వం చెప్పినంత జీతం ఇస్తానని ఎవరైనా రాసివ్వాలి. పీహెచ్‌డీలో చేరితే మళ్లీ విద్యార్థి వీసా దొరుకుతుంది కానీ ఆ ప్రవేశాలు అప్పటికే ముగిశాయి. రెండు చోట్ల కొలువు గురించి మాట్లాడదాం రమ్మన్నారని నీమా చెబితే తోడుగా బయల్దేరాను.

పొద్దున ఏడింటికి జనగామలో రైలెక్కాం. జనరల్ పెట్టెలో ఎదురుగా కూర్చున్న అవ్వ నీమా జడలను చాలాసేపు చూసి అడిగింది.

"బిడ్డా, గిన్ని జడలు ఎవరేసిన్రు?"

"నేనే ఏసుకున్న అవ్వా. రెండు దినాలు పట్టింది."

అవ్వ నోరు తెరిచింది. ఆ తర్వాత వరంగల్ వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మహబూబాబాద్‌లో ఇడ్లీ తిని, మిర్చి ఎగుమతి చేసే వ్యాపారి గోదాముకు ఆటోలో వెళ్లాం. ఘాటుకు నాకు తుమ్ములాగలేదు. ఆయన రెండు బస్తాల్లోంచి కాయలు తీసి నీమా చేతిలో పెట్టాడు. ఆమె విరిచి, వాసన చూసి, ఒకదాంట్లో ఇంకా తడి ఉందంది. ఆయనకు ఆమె బాగా నచ్చింది.

"పనైతే నీకే ఇయ్యాలె తల్లీ. గని గంత జీతం నా మేనేజరుకే లేదు. నేనెట్ల రాసియ్యాలె?" అన్నాడు. అన్నం తిననిదే కదలనివ్వలేదు.

అక్కణ్నుంచి గూడూరు మీదుగా నర్సంపేట, హనుమకొండ, ఆపై భూపాలపల్లి. నేరుగా వెళ్లే బస్సు కోసం కాచుకోకుండా మారుతూ పోవడమే నయం. ఆడవాళ్లకు టికెట్ ఉచితమే గానీ ఆధార్ చూపాలి. నీమా పాస్‌పోర్టు తీస్తే కండక్టర్ నొచ్చుకున్నాడు.

"గిది నడ్వదక్కా. ఏమనుకోకు, నీకు టికెట్ కొట్టాలె."

"కొట్టన్నా, నాకెర్కే," అంది నీమా.

భూపాలపల్లిలో విత్తనాల కంపెనీ మేనేజరు మర్యాదస్తుడు. టీ తెప్పించి, తలుపు దగ్గరకు వేశాడు.

"కాయితం మీద సర్కారు చెప్పినంత రాస్తం. బ్యాంకుల గూడ ఏస్తం. నెలనెల సగం మాకు తిరిగి ఇయ్యాలె. గంతే."

"ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె?"

"జీతమంతా నీకే వస్తదని చెప్పు."

నీమా కప్పు కింద పెట్టింది. "నాతోని కాదు సార్," అని లేచింది.

బస్టాండులో నేనే ఉండబట్టలేక అన్నాను. "ఒక్క ఏడాది ఓర్సుకుంటే ఏమయితుండె?"

"సంతకం నాది అక్కా. దొరికితే దేశంల నుంచి పంపిస్తరు, మళ్ల రానియ్యరు. ఇప్పుడు నా అంతట నేను పోతే మళ్ల రావచ్చు."

గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం తుడుచుకుంది. హనుమకొండ బస్సు రాగానే ఎక్కాం.

పరకాల దాటాక వాళ్లమ్మకు ఫోన్ చేసింది. వాళ్ల భాషలో చాలాసేపు నవ్వుతూ మాట్లాడింది.

"ఏమన్నది మీ అమ్మ?"

"నా మంచం ఎండల ఏస్తదంట."

"మళ్ల వస్తనని చెప్పినవా?"

"ఇంకా చెప్పలే అక్కా. జర సంబురపడనియ్యి."

హనుమకొండలో మళ్లీ బస్సు మారి జనగామలో దిగేసరికి దుకాణాలు మూసేస్తున్నారు. పొద్దుటి నుంచి ఎంతోమందిని కలిశాం. నీమాను వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఉండమనగలిగిన వాళ్లూ లేరు.