రావుగారి గుండె మీది మచ్చ

ఈ సాయంత్రం పంజాగుట్ట ఇరానీ హోటల్లో మా ముగ్గురు ముసలాళ్ళకీ మళ్ళీ ఆ పాత ప్రభుత్వం మీదే గొడవ. (సాసర్లో పోసుకుని చాయ్ తాగేవాళ్ళలో అక్కడ మిగిలింది నేనొక్కణ్ణే, అది వేరే గోల.) పేదల పక్షమని చెప్పుకుని గెలిచి, ఉచిత వైద్యం కార్డుల పేరుతో జనం సొమ్ము ప్రైవేటు ఆసుపత్రులకు ధారపోసి, సర్కారు దవాఖానాలను ఎండబెట్టిందన్నాను. వెంటనే రావుగారు తన అలవాటు ప్రకారం చొక్కా పై గుండీలు విప్పి గుండె ఆపరేషన్ మచ్చ చూపించారు.

"ఏంటండీ మీ వాదన? వాళ్ళిచ్చిన కార్డే లేకపోతే నేనీపాటికి గోడమీద ఫొటోలో ఉండేవాణ్ణి!"

ఆ మచ్చ ముందు నేను ఏళ్ళ తరబడి ఓడిపోతూనే ఉన్నాను. ఈ రోజు మాత్రం, మాలో మూడోవాడు, అమీర్‌పేటలో బట్టలు కుట్టే మా నర్సింలు కప్పు కింద పెట్టాడు.

"మా అమ్మ జబ్బు గా కార్డుల లేదన్నరు, రావుసాబ్. సర్కారు దవాఖాన్ల మంచం లేదన్నరు. నేల మీదనే పాణం ఇడిసింది. నేను గుండీలిప్పితే ఏం కనవడతది?"

రావుగారు గుండీలన్నీ పెట్టుకున్నారు, మెడ దాకా. వాదన నేనే గెలిచాను, చాయ్ మాత్రం సాసర్లోనే వదిలేశాను.

ఆ ప్రభుత్వాన్ని పొగిడేవాళ్ళు కింద కామెంట్లలో తమ మచ్చలు చూపించవచ్చు. చూపించడానికి ఏమీ మిగలనివాళ్ళు ముందు రాయండి.