ఇద్దరు అప్పలరాజులను ఒకరిని చేసిన రోజు

అది 2022 వానాకాలం. జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఒక లేబర్ కాంట్రాక్టరు ఆఫీసు. ఉక్కు కర్మాగారంలోకి మనుషులను పంపే ఆఫీసు అది. రిగ్గర్లు, వెల్డర్లు, ఖలాసీలు, ఊడ్చేవాళ్ళు కలిపి నాలుగు వందల మందికి పైమాటే. వాళ్ళలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్ళు. ఆ ఏడు ఒక వానకు సందులోని నీళ్ళు ఆఫీసులోకి వచ్చేశాయి. బల్ల కింద ఇటుకల మీద నిలబెట్టిన సర్వర్‌కు రెండు వేళ్ళ కిందికి వచ్చి ఆగాయి. మర్నాడు పొద్దున్నే యజమాని నాకు ఫోన్ చేశాడు.

ఆఫీసు కంప్యూటర్లను క్లౌడ్‌కు మార్చడం నా వృత్తి. క్లౌడ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఆఫీసులోని డబ్బాలో ఉండే ఫైళ్ళు, సాఫ్ట్‌వేరు వేరే ఊళ్ళోని పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి, మనం వాటిని ఇంటర్నెట్ మీద వాడుకుంటాం. ఇలా తరలించడాన్ని మైగ్రేషన్ అంటారు. నేను పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్ పక్కనే పర్సుడీహ్‌లో, మా నాన్న టాటానగర్ స్టేషన్‌లో రైల్వే ఉద్యోగి. బిష్టుపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని అప్పటికి పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పని చకచకా ముగిస్తానని నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆ ఆఫీసులో హాజరు రాసే ఆయన్ని అందరూ హాజరీబాబు అంటారు. అసలు పేరు సన్యాసిరావు గారు, అరవై దాటిన మనిషి. ఎవరు ఏ షిఫ్టు, ఎవరి గేట్ పాస్ ఎప్పటిదాకా, ఎవరి మెడికల్ ఎప్పుడైంది, అన్నీ ఒక్క ఎక్సెల్ ఫైల్లో ఉంచాడు. ఆ ఫైలు తెరిస్తే హోలీ మర్నాటి చొక్కాలా ఉంది. ఒక వరుస పసుపు, ఒకటి నీలం, ఒకటి గులాబీ. నాకు నవ్వొచ్చింది.

"ఈ రంగులు కూడా వత్తాయా అమ్మా?" అని అడిగాడు.

"రంగులు రావు బాబుగారూ. రాసినవే వస్తాయి. రంగులు అలంకారానికే కదా."

"అలంకారం కాదమ్మా, నాను..." అని ఆగాడు. "పోనీ, ఎక్కించీ ముందు ఓపాలి నాకు సూపించండి. నాను సూత్తాను."

"నాలుగు వందల మందినీ మీరు ఒక్కొక్కరినే చూస్తూ కూర్చుంటే దసరా దాటిపోతుంది. అదంతా కంప్యూటర్ చూసుకుంటుంది, మీరు నిశ్చింతగా ఉండండి."

ఆయన తలూపి ఊరుకున్నాడు. ఏదో చెప్పబోయాడని నాకు తెలుసు. అది ఏమిటని అడగడానికి అర నిమిషం పట్టేది, నేను అడగలేదు.

ఇక్కడ కొంచెం పని వివరం చెప్పాలి. గేట్ పాస్ నంబరు మారినప్పుడల్లా సన్యాసిరావు గారు పాత వరుస తీసేయకుండా కొత్త వరుస కలిపేవాడు. అందువల్ల చాలామంది పేర్లు రెండేసి సార్లు ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్న జతలను ఏరి చూపించి, ఇవి డూప్లికేట్లా, కలిపేయమంటావా అని అడుగుతుంది. మర్జ్ అనే బటన్ నొక్కితే రెండూ ఒక మనిషి అయిపోతాయి. ఏ వివరం కొత్తదైతే అది నిలుస్తుంది. అలా నలభై జతల దాకా వచ్చాయి. టీ తాగుతూ, పావుగంటలో అన్నీ నొక్కేశాను.

వాటిలో ఒక జత గొర్లె అప్పలరాజు, పుట్టిన తేదీ జనవరి ఒకటి. ఇంకొకటి కూడా గొర్లె అప్పలరాజు, అదే సంవత్సరం, అదే జనవరి ఒకటి.

మాదీ శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబమే. మా వైపు సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు ఉండదు. తాత పేరు మనవలందరికీ పెడతారు. అన్నదమ్ముల పిల్లలు ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో పెరుగుతారు. ఇంట్లో వాళ్ళు పెద్దప్పలరాజు, చిన్నప్పలరాజు అని పిలుచుకుంటారు తప్ప కాగితం మీద ఆ తేడా ఉండదు. పుట్టిన తేదీ తెలియని వాళ్ళందరికీ పనిలో చేర్చుకున్న రోజున ఎవరో జనవరి ఒకటి రాసి పడేశారు. మా ఇంట్లోనే ఇద్దరు అప్పలమ్మలు ఉన్నారు. పరాయి ప్రాంతం మనిషి ఈ తప్పు చేస్తే క్షమించవచ్చు. నాకు ఆ సాకు లేదు.

ఆ ఇద్దరూ పెదనాన్న, చిన్నాన్న పిల్లలు. ఇద్దరూ రిగ్గర్లే, అంటే ఎత్తున బరువులు కట్టి పైకెత్తే పనివాళ్ళు. అంత ఎత్తున పని చేయాలంటే డాక్టరు పరీక్ష చేసి హైట్ పాస్ ఇవ్వాలి. చిన్నప్పలరాజుకు రెండేళ్ళ కిందట ఫిట్స్ మొదలయ్యాయి. హైట్ పాస్ రద్దు చేసి కింద పనిముట్ల గదిలో వేశారు. సన్యాసిరావు గారి ఫైల్లో పసుపు రంగుకు అర్థం అదే, ఈ మనిషిని పైకి పంపకూడదని. ఆ మాట అక్షరాల్లో ఎక్కడా రాయలేదు, ఆయనకు తెలుసు కాబట్టి. ఆయన డ్యూటీ వేసినన్నాళ్ళూ పసుపు వరుసలోని మనిషి ఎవరూ మెట్టెక్కలేదు.

సోమవారం నుంచి కొత్త పద్ధతి మొదలైంది. డ్యూటీలు సూపర్‌వైజరు తన ఫోన్లోనే వేసుకుంటాడు. ప్రతి పనివాడి ఫోన్లోనూ అతని వివరాలు కనిపిస్తాయి. చిన్నప్పలరాజు ఫోన్లో ఆకుపచ్చ అక్షరాలతో ఫిట్ అనీ, హైట్ పాస్ ఉందనీ వచ్చింది. అవి పెద్దప్పలరాజు వివరాలు. సూపర్‌వైజరు ఫోన్లోనూ అదే కనిపించింది, అది చూసి పైన డ్యూటీ వేశాడు. అప్పటికి రెండు వారాల ముందే ఏటేటా జరిగే మెడికల్ అయింది, చిన్నప్పలరాజు కూడా వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడు. అందుకని ఈ ఆకుపచ్చ ఆ పరీక్ష ఫలితమే అనుకున్నాడు. తన రోగం పోయిందనుకున్నాడు. ఆ తెరను ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాడు. ఇంట్లో దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టాడు. మాత్రలు మగతగా ఉంచుతాయి, మగతతో పైకి ఎక్కకూడదు కదా అని మానేశాడు. ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. నెలాఖరుకు హాజరు లెక్కలో ఈ పొరపాటు ఎలాగూ బయటపడేది. ప్రమాదం అంతవరకు ఆగలేదు.

ఏడో రోజు పొద్దున పదకొండు గంటలకు సన్యాసిరావు గారు ఫోన్ చేశాడు.

"అమ్మా, చిన్నప్పలరాజు పైన ఫిట్స్ వొచ్చి పడిపోనాడు. బెల్టు కొక్కెం ఉంది కాబట్టి యేలాడినాడు. బతికే ఉన్నాడు. ఆడు పైకెలాగెల్లినాడమ్మా? నాను పసుపు ఏసినాను కదా!"

ఫోన్ పెట్టేశాను. సాఫ్ట్‌వేర్‌లో లాగ్ తెరిచాను. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసుకునే చిట్టా అది. ఇద్దరు గొర్లె అప్పలరాజులను కలిపింది ఎవరన్న చోట నా పేరే ఉంది. ఆ నిమిషంలోనే ఇద్దరినీ విడదీశాను. మిగిలిన జతలన్నీ సన్యాసిరావు గారిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఇంకో మూడు జతలు వేరు వేరు మనుషులు.

ఆ సాయంత్రం యజమాని నన్ను పక్కకు పిలిచి, ముసలాయన రంగుల అర్థం మీకు చెప్పలేదు కదా, తప్పు ఆయనదేనని విచారణలో చెబుదాం, ఆసుపత్రి వైపు మీరు వెళ్ళకండి అని హిందీలో మెల్లగా అన్నాడు. సన్యాసిరావు గారు చెప్పబోతే నేనే వినలేదని కాగితం మీద రాసి, లాగ్ జతచేసి సేఫ్టీ ఆఫీసరుకు ఇచ్చాను. ఇందులో గొప్పేమీ లేదు. ఇవ్వకపోతే నాకు అన్నం సహించేది కాదు.

మూడో రోజు మధ్యాహ్నం సన్యాసిరావు గారే మళ్ళీ ఫోన్ చేశాడు. "ఆడు మాత్ర ముట్టడం నేదమ్మా. డాక్టర్లు సెప్పినా, నాను సెప్పినా యినడం నేదు. ఇంకోపాలి ఫిట్స్ వొత్తే మనిషి దక్కడంట."

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు బయట చిన్నప్పలరాజు కూతురు నిలబడి ఉంది, కాలేజీ పిల్ల. నేను తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిచ్చింది. "పాపా దవా నహీ ఖా రహే, ఆంటీ. ఆప్ బోలియే నా." నాన్న మందు వేసుకోవడం లేదు, మీరైనా చెప్పండి అంటోంది.

లోపల చిన్నప్పలరాజు ఎడమ చెయ్యి భుజం దగ్గర నుంచి కట్టులో ఉంది. దవడ వాచింది. నన్ను చూసి లేవబోయాడు. మాత్ర ఎందుకు వేసుకోవడం లేదని అడిగితే కుడిచేత్తో ఫోన్ తీసి ఆ ఫొటో చూపించాడు.

"మెడికల్ అయిందమ్మా. గ్రీన్ వొచ్చింది. ఫిట్స్ కాదు, కాలు జారింది. డాక్టరుకేటి తెల్సు, ఆల్లు పాత కాయితం సూసి సెప్తన్నారు."

లోపలి రికార్డు నేను సరిచేసి మూడు రోజులైంది. కానీ ఆయన నమ్మినది ఆయన చేతిలోనే ఉంది, అక్కడికి నా సాఫ్ట్‌వేర్ చేరదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అది మీది కాదు," అన్నాను. "మీ అన్నది. పేరూ ఒకటే, తేదీ ఒకటే. ఇద్దరూ ఒక్కరే అనుకుని కలిపీసినాను. కంప్యూటర్ కాదు, నేను. అది నన్ను అడిగింది, నేను ఔనన్నాను."

ఆయన ఆ ఫొటోను మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు.

"మీరు మనోల్లే కదమ్మా. మన పేర్లు ఇలాగే ఉంటాయని మీకు తెల్దేటి?"

"తెలుసు."

"అయితే నాకు తగ్గనేదు."

"తగ్గలేదు."

ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజం కదులుతుంటే నొప్పికో, ఏడుపుకో నాకు తెలియలేదు. కూతురు వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది. "రెండేళ్ళ తరవాత పైకెక్కినానమ్మా," అన్నాడు గోడవైపు చూస్తూనే. "ఆరు రోజులు. మా జట్టోల్లు లడ్డూలు పంచినారు." నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండునని ఆ క్షణం నిజంగా కోరుకున్నాను.

కాసేపటికి ఇటు తిరిగాడు. "మరి నా రోగం అన్న కాయితంలో రాసీనేదు కదా? ఆడి డ్యూటీ పోదు కదా?"

"లేదు. ఇద్దరినీ వేరు చేసేశాను. ఆయనది ఆయనకే ఉంది."

"ఈపాలి సరిగ్గా సూసే సెప్తన్నారు కదా?"

"చూసే చెప్తున్నాను."

కూతురి వైపు కుడిచెయ్యి చాచాడు. ఆ పిల్ల మాత్ర పెట్టింది. మింగాడు. ఫోన్ ఆమెకే ఇచ్చి, ఫొటో తీసేయమన్నాడు.

ఆయన ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు, కర్మాగారంలోకి మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు నేను ఏ ఆఫీసుకు వెళ్ళినా మొదటి రెండు రోజులు కంప్యూటర్ ముట్టను. ఆ ఫైలు రాసే మనిషి పక్కన కూర్చుని ఈ రంగు ఏమిటి, ఈ చుక్క ఏమిటి, ఇక్కడ ఖాళీ ఎందుకు వదిలారు అని అడుగుతాను. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ఆ ఇద్దరికీ ఫోన్ చేసి, రెండు గొంతులూ విన్నాకే ముందుకు వెళ్తాను. ఆలస్యమవుతోందని గొణిగేవాళ్ళుంటారు, గొణగనిస్తాను. మేం తరలించేది వట్టి ఫైళ్ళని నేను అనుకునేదాన్ని. వాటిలో రాసి ఉన్నదాన్ని మనుషులు నమ్మి బతుకుతారు. నా తప్పును రికార్డులో దిద్దడానికి నాకు ఒక నిమిషం పట్టింది. నీ రోగం తగ్గలేదని ఆ మనిషి ముఖం మీద చెప్పడానికి మాత్రం నేనే వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చోవలసి వచ్చింది.