టమాటా జ్వరం

ఒక టీవీ యాంకరూ నేనూ కలిసి మా మామ టమాటా తోటను ఒక్క పూటలో మట్టిపాలు చేయబోయాం. యాంకర్ తప్పించుకున్నాడు. నేను దొరికిపోయాను.

అప్పటికి పెళ్లయి నెల. నాది పుంగనూరు, అత్తగారిది కురబలకోట పక్కన పల్లె. మామ నారాయణప్పకు రెండెకరాల టమాటా. కోత రోజు కొత్త అల్లుడు కుర్చీలో కూర్చుంటే ఏం బాగుంటుందని, చొక్కా చేతులు పైకి మడిచి నేనూ తోటలో దిగాను. ఆ ఆకుల పచ్చి వాసన ఎంత బాగుండేదో! రెండు సాళ్లు కోసేసరికి నడుము పట్టేసింది. ఎవరూ చూడకుండా ఇంటికొచ్చి టీవీ ముందు కూలబడ్డాను.

అందులో యాంకర్ గొంతు చించుకుంటున్నాడు. "టమాటా జ్వరం! ఒళ్లంతా ఎర్రటి పొక్కులు! మీ ఇంటికి ఎంత దూరంలో ఉంది?" వెనక డప్పులు. తెర మీద టమాటా ఒకటి గిరగిరా తిరిగి బాంబులా పేలింది. అప్పుడే నాకు చెయ్యి దురద పెట్టింది. చూసుకుంటే ముంజేతి నిండా ఎర్రటి దద్దుర్లు!

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను చెప్పులైనా వేసుకోకుండా తోటకు పరుగెత్తాను.

"ఎవరూ కాయ ముట్టొద్దు! టమాటా జ్వరం!"

కోతకొచ్చిన ఆడవాళ్లలో పెద్దామె మునెమ్మ నడుమెత్తి చూసింది. "యాలప్పా అట్ల అరస్తాండావు?"

"టీవీలో చెప్తున్నారు. కావాలంటే నా చెయ్యి చూడు!"

మునెమ్మ చూసింది. చేతిలోని కాయను తేలును విదిలించినట్టు పారేసింది. "ఓయమ్మా! పొద్దన్నించి ముట్టుకుంటానే ఉండానే!"

క్షణాల్లో తోట ఖాళీ. అందరూ బోరు దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటున్నారు. గట్టు మీద సగం నిండిన క్రేట్లు. మదనపల్లె మార్కెట్ యార్డుకు పోవాల్సిన బండి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. "వేలానికి అందుకోవాల, నారాయణన్నా! ఇంకెంతసేపు?" మాగిన కాయ రేపటికి ఆగదు. మామకు ఆ ఏడు అదే పెద్ద కోత.

మామ ముందుకొచ్చి నా చెయ్యి చూశాడు. డ్రైవరును బతిమాలి ఆపి, "రాప్పా, డాక్టరు కాడికి పోదాం" అని బైకు తీశాడు. వెనక కూర్చుని నేను భార్యకు చెప్పాల్సిన చివరి మాటలు కూర్చుకున్నాను.

మదనపల్లెలో మామకు తెలిసిన డాక్టరు కుప్పం మనిషి. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పొద్దన ఏం చేసినావు?"

"టమాటాలు కోశాను సార్."

"ఇంతకు ముందు ఎప్పుడన్నా కోసినావా?"

"ఇదే మొదలు సార్."

"ఆకు గీసుకునింది. సబ్బు పెట్టి కడుక్కో, పో."

"మరి టీవీలో టమాటా జ్వరమని..."

"పొక్కులు టమాటా మాదిరి ఎర్రగా ఉంటాయని ఆ పేరు పెట్టినారు. కాయకీ దానికీ ఏం సంబంధం? మా కుప్పంలో ఏనుగులు చేలల్లో పడతానే ఉండాయి. ఏనుగుకాలు జబ్బు ఏనుగు తెచ్చిందా అప్పా?"

మామ టవలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. కిటికీలోంచి ఆయన నవ్వు వినిపిస్తూనే ఉంది.

తోటకు రాగానే మామ ఒక కాయ తుడిచి, మునెమ్మ ముందే కసుక్కున కొరికాడు. ఆడవాళ్లు మళ్లీ దిగారు. నేనూ సిగ్గుతో దిగి గోక్కుంటూనే కోశాను. బండి వేలానికి అందింది. మధ్యాహ్నం అత్త సంగటిలోకి రోట్లో నూరిన టమాటా ఊరిబిండి వడ్డిస్తుంటే మునెమ్మ అరుగు మీంచి కేకేసింది. "అల్లునికి ఎయ్యొద్దమ్మోవ్, జొరమొస్తాది!"

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ బోరు ఎండిపోయింది. ఇప్పుడక్కడ మామిడి చెట్లు. ఆ పచ్చి వాసన, ఆ నవ్వులు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. మళ్లీ ఒక్కసారి ఆ సాళ్లలో దిగాలనిపిస్తుంది, దద్దుర్లొచ్చినా సరే.

నిన్న టీవీలో కుప్పం ఏనుగుల గుంపు. అవే డప్పులు, అదే అరుపు. వంటింట్లోంచి నా భార్య అడిగింది. "ఏమండీ, కాళ్లు సూసుకున్నారా?"

అందుకే సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. టీవీ చూసి ఒళ్లు తడుముకునే పని ఈ జన్మలో మళ్లీ చేయను.

కాళ్లంటారా? ప్రమాణానికి ముందే చూసుకున్నాను. రెండూ మామూలుగానే ఉన్నాయి.